తడబడ్డావు, మళ్ళీ చదువు

కళ్ళ డాక్టరు అని పేరే గానీ, అతను జన్మలో ఎవరి కంట్లోనూ చుక్క మందు వేసి ఎరగడు. అతని చదువు వేరు. మనిషి ఏదైనా చదువుతున్నప్పుడు కళ్ళు ఎక్కడ ఆగుతాయి, ఎక్కడ గెంతుతాయి, ఎక్కడ వెనక్కి తిరుగుతాయి... ఇవి కొలవడం అతని ఉద్యోగం. ఈ సంగతి చెబితే అపార్ట్‌మెంట్లో వినేవాడెవడు? పేరు ముందు డాక్టరు ఉంది, చేసే పని కళ్ళతో. ఇంకేం, నలక పడ్డవాళ్ళూ, కళ్ళజోడు విరిగినవాళ్ళూ పొద్దున్నే వచ్చి తలుపు కొట్టేవాళ్ళు. పైఅంతస్తు ముసలాయనైతే లిఫ్టులో కనిపించినప్పుడల్లా కింద రెప్ప లాగి మరీ చూపించేవాడు. "కొంచెం ఎర్రగా ఉన్నట్టుందండీ" అనేసి మనవాడు బయటపడేవాడు.

మనం అనుకుంటాం గానీ, చదివేటప్పుడు కళ్ళు నున్నగా జారవండీ. పిచ్చుక నడిచినట్టు గెంతుతాయి. ఒక మాట మీద వాలతాయి, రెండు మాటలు దాటేస్తాయి, వాక్యం మెలిక తిరిగిందంటే ఠక్కున వెనక్కొచ్చి మళ్ళీ వెతుక్కుంటాయి. ఈ గెంతులన్నిటినీ ఒక కెమెరా పట్టుకుంటుంది. అలాంటివి వేలకి వేలు కంప్యూటరుకి మేపి, మనిషి బుర్రలో వాక్యం ఎలా అర్థమవుతుందో దానికీ నేర్పించాలని డాక్టరు తాపత్రయం. ఆ మేపే పని చూసేది అతనితో పనిచేసే లెక్కలావిడ. ఆవిడ లెక్కల్లో ఎంత ఘటికురాలో మాటల్లో అంత పొదుపరి.

వాళ్ళు పనిచేసే గదికి కిటికీల్లేవు. గోడలకి నల్ల రంగు. వెలుతురు పడితే కెమెరా తికమక పడుతుందని దీపాలు కూడా అంతంతే. మధ్యలో ఒక కుర్చీ, కుర్చీ ముందు గడ్డం ఆనించుకునే చిన్న బల్ల, నుదుటికి ఒక పట్టీ. తల అటూ ఇటూ కదలకూడదు మరి. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, ఆ గదిలో ఎప్పుడూ అర్ధరాత్రే.

కంప్యూటరుకి ముసలివాళ్ళ చూపు కూడా కావాల్సొచ్చింది. ఆ మాట ఇంట్లో భోజనాల దగ్గర భార్యతో అంటే, "నేనొస్తాన్రా, నీ పెట్టేదో నేనూ చూస్తాను" అంది పెద్దమ్మ.

పెద్దమ్మంటే తల్లికి అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. చిన్నప్పుడు రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకంలో వరస కింద వేలు పెట్టి, పాఠం పైకి చదివించేది. నాలుక ఎక్కడ మడతపడ్డా వేలు ఆగిపోయేది. "ఇక్కడ తడబడ్డావు, మళ్ళీ చదువు" అనేది. పుస్తకాలన్నీ పెద్దమ్మకి కంఠతా వచ్చని అతను క్లాసులో గొప్పలు పోయేవాడు. ఇప్పటికీ ఆవిడ పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని పేపరు ఆసాంతం తిరగేస్తుంది. "ఏముంది పెద్దమ్మా ఇవాళ?" అంటే, "ఏముంటుంది, మామూలే" అంటుంది. ఆ జవాబు ఏ రోజూ తప్పు కాలేదు.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. గడ్డం బల్లకి ఆనించింది. తలనొప్పి మందు వాసన గదంతా పరుచుకుంది. అది ఆవిడ నుదుటి మీద లేని రోజు లేదు. తెర మీద వాక్యం వచ్చింది: తలుపు తీసిన మనిషిని చూసిన కుక్క అరవలేదు.

పక్క తెర మీద ఆవిడ చూపు పసుపు చుక్కై కదిలింది. గెంతలేదు. గోడకి సున్నం వేసే కుంచెలా ఈ చివర నుంచి ఆ చివరికి నున్నగా జారింది. తర్వాతి వాక్యం కూడా అంతే. ఆ తర్వాతిదీ అంతే.

లెక్కలావిడ మెల్లగా అంది. "సార్, ఈవిడ చదవట్లేదు. చూస్తున్నారంతే."

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక... ఏం చెప్పమంటారు, నవ్వొచ్చేసింది. ఫక్కున, ఆ గది ప్రతిధ్వనించేలా నవ్వాడు. ఇన్నేళ్ళ పేపరు! ఇన్నేళ్ళ పాఠాలు! గొంతు తడబాటు విని పట్టుకుందన్నమాట తన తప్పులన్నీ! పట్టీలో తల ఇరుక్కుని పెద్దమ్మ వెనక్కి తిరగలేకపోయింది. తెర వెలుగులో ఆవిడ చెవులు మాత్రం కనిపించాయి. ఎర్రగా.

ఆటోలో ఇంటికొస్తూ చాలాసేపటికి నోరు విప్పింది. "ఎవరికీ చెప్పకురా కన్నా."

"ఛ, ఎందుకు చెప్తాను పెద్దమ్మా!"

చెప్పాడు. ఒకరికి కాదు, నిండు సభకి. కంప్యూటరుకి మంచి పాఠకులు బోలెడుమంది దొరికారు గానీ, చదువుతున్నట్టు నటించేవాళ్ళు దొరకలేదు. పెద్దమ్మ చూపు మేపగానే దానికి జ్ఞానోదయమైపోయింది. నిజంగా చదివితే తెర అంచున ఆకుపచ్చ దీపం, నటిస్తే ఎర్ర దీపం. బళ్ళలో వెనకబడ్డ పిల్లల్ని ఇట్టే కనిపెట్టొచ్చని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పులో మనవాడికి ఒళ్ళు తెలియలేదు. పెద్దమ్మ కళ్ళ బొమ్మ తెర మీద వేసి, "పేపర్లో ఏముందంటే మామూలే అంటుందండీ!" అని చేతులు తిప్పి చెప్పాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది.

పిన్ని కొడుకు ఆ వీడియో తెచ్చి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పడేశాడు. వీడియో చూడ్డానికి చదువు అక్కర్లేదు కదా. పెద్దమ్మ చూసింది.

మర్నాడు పేపరు గుమ్మంలోనే పడి ఉంది. కళ్ళజోడు మడిచి అలమారలో పెట్టేసింది. భోజనం తగ్గింది, మాట తగ్గింది, చలికాలం ముదిరేసరికి మనిషే లేకుండా పోయింది. అతను ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు. అయినా తర్వాతి సభకి బొమ్మలు సర్దుతూ, "సార్, పెద్దమ్మగారి బొమ్మ తీసేద్దామా?" అని లెక్కలావిడ అడిగితే, తల దించుకుని, "ఉండనీండి. జనం నవ్వేది అక్కడే" అన్నాడు.

సభ దగ్గరపడింది. సెలవు రోజు, మిట్టమధ్యాహ్నం, ఒకసారి యంత్రం సరిచూసుకుందామని ఒక్కడే ఆ గదికి వెళ్ళాడు. మెట్ల దగ్గర కాపలా మనిషి పాట పెట్టుకుని కునుకుతున్నాడు. తలుపు మూయగానే ఆ పాట ఎవరో గొంతు నులిమినట్టు ఆగిపోయింది. ఏసీ సన్నగా మూలుగుతోంది. కెమెరా లోపలి ఫ్యాను ఎలుక గీరినట్టు గీరుతోంది. కుర్చీలో కూర్చుని గడ్డం బల్లకి ఆనించాడు.

బల్ల వెచ్చగా ఉంది.

ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. యంత్రం వేడేమోలే అని సరిపెట్టుకుని నుదుటికి పట్టీ బిగించుకున్నాడు. అప్పుడు తగిలింది వాసన. తలనొప్పి మందు. పట్టీకి అంటుకుని ఉండిపోయిందేమో... ఆవిడ కూర్చుని ఎన్నాళ్ళయింది? ఈలోపు పట్టీ ఎన్నిసార్లు ఉతికారు?

తెర మీద వాక్యం వచ్చింది. తన చూపు తనకే కనిపించేలా పసుపు చుక్క పెట్టుకున్నాడు. చదివాడు. చుక్క కదిలింది.

నున్నగా జారింది.

ఎర్ర దీపం వెలిగింది.

"ఓరి నీ!" అని నవ్వుకున్నాడు. మళ్ళీ చదువుదామని తెర వంక చూశాడు. అక్షరాలున్నాయి. గుండ్రంగా, నల్లగా, వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఏమిటో తెలియలేదు. పంచదార చుట్టూ చేరిన చీమల్లా ఉన్నాయి, అంతే. తలకట్టు గుర్తుపట్టాడు, సున్న గుర్తుపట్టాడు... చూస్తుండగానే అవీ జారిపోయాయి. చుక్క ఆ చివర నుంచి ఈ చివరికి జారుతోంది... జారుతోంది... ఎరుపు... ఎరుపు...

తల లాక్కోబోయాడు. పట్టీ రాలేదు.

గదిలో ఇంకో కుర్చీ లేదు. తలుపు తెరుచుకున్న చప్పుడూ లేదు. వెనక ఎవరో ఊపిరి వదిలారు. ఎడం చెవికి వెచ్చగా తగిలింది.

"త... లు... పు..."

గుసగుస. కొత్తగా అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లలా, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ.

"తీ... సి... న... తీసిన..."

కూడబలికిన ప్రతి అక్షరం దగ్గరా చుక్క ఆగుతోంది. అతను కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు. అయినా రెప్పల వెనక ఎర్రదనం పోయి, ఆకుపచ్చ వెలుగు పడటం తెలిసింది. కళ్ళు తెరిచాడు. చుక్క గెంతుతోంది. వాలుతోంది. మెలిక దగ్గర వెనక్కి తిరిగి చూసుకుంటోంది.

"తలుపు తీసిన మనిషిని చూసిన కుక్క అరవలేదు." ఈసారి గడగడా చదివేసింది. ఆ తర్వాత చెవిలో, ప్రేమగా...

"నువ్వే తడబడ్డావు. మళ్ళీ చదువు."

ఎలా పట్టీ తెంచుకున్నాడో, ఎలా బయట పడ్డాడో అతనికి తెలియదు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాడు. ఖాళీ కుర్చీ. తెర మీద పసుపు చుక్క హాయిగా తర్వాతి వాక్యం చదువుకుంటోంది.

బయట ఎండ. కాపలా మనిషి పాట. తలుపుల మీద పేర్లు, లిఫ్టు పక్క బోర్డు, రోడ్డు మీద బస్సులు... దేని మీదా ఒక్క అక్షరం లేదు. చీమలే. రోడ్డు పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అప్పుడు చెవిలో మెల్లగా వినిపించింది, ఇంటికి వెళ్ళే బస్సు పేరు.

ఆ రోజు నుంచి ఎక్కడ రాత కనపడినా ఆ గొంతే చదివి పెట్టింది. మందు సీసా, ఫోన్లో మెసేజ్, ఆఫీసు కాగితం. అతను విన్నదాన్ని తిరిగి అప్పజెప్పేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. నటించడం మంచి గురువు దగ్గరే నేర్చాడు కదా! ఆ గొంతంటే భయమే, కానీ అది ఆగిపోతే తన గతేమిటన్న భయం ఇంకా పెద్దది. సభకి ముందు రోజు రాత్రి బాల్కనీలో నిలబడి గొణిగాడు. "రేపు నీ బొమ్మ వచ్చినప్పుడు నిజం చెప్పేస్తాను పెద్దమ్మా. నేనెంత వెధవనో అందరి ముందూ చెప్పేస్తాను. ఒట్టు."

దీపం ఆర్పి లోపలికి వెళ్ళాడు.

సభలో బొమ్మ వెనక బొమ్మ వచ్చింది. కింద రాసున్నదల్లా చెవిలో గొంతు చెబుతూ పోయింది, అతను చెబుతూ పోయాడు. పెద్దమ్మ కళ్ళ బొమ్మ వచ్చింది.

గొంతు ఆగింది.

హాలు ఎదురుచూస్తోంది. ఎవరో దగ్గారు. లెక్కలావిడ తలెత్తి అతని వంకే చూస్తోంది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే, తనకి అక్షరం ముక్క రావడం లేదన్నదీ చెప్పాలి. ఉద్యోగం, డాక్టరు అన్న పిలుపు, ఇంటి దగ్గర చిన్న కూతురు... చెమట కళ్ళలోకి కారింది. నోరు తెరిచాడు.

"పేపర్లో ఏముందంటే... మామూలే అంటుందండీ."

హాలు పగలబడి నవ్వింది.

ఆ తర్వాత చెవిలో ఏమీ లేదు. మళ్ళీ రాలేదు, పోయిన అక్షరాలూ తిరిగి రాలేదు.

ఇప్పుడతను సాయంత్రం పెందలాడే ఇంటికొస్తున్నాడు. రెండో క్లాసు చదివే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, వరస కింద వేలు పెట్టి పాఠం పైకి చదివిస్తున్నాడు. గొంతు తడబడితే వేలు ఆపుతాడు. భార్య చూసి ముచ్చటపడుతోంది కూడా.

నిన్న అలాగే చదువుతూ చదువుతూ పిల్ల టక్కున ఆగిపోయింది. తల కొంచెం పక్కకి వంచింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు. ఆనక తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నా, నువ్వు చదవట్లేదు. చూస్తున్నావంతే కదూ?"

అతని చెవులు భగ్గుమన్నాయి. "ఎ... ఎవరు చెప్పారమ్మా?"

పిల్ల అతని కుర్చీ వెనక్కి ఒకసారి చూసింది. పెదాల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"చెప్పనని మాటిచ్చాను."

పుస్తకం మీద పెట్టిన పిల్ల చెయ్యి తీసి వాసన చూశాడు. తలనొప్పి మందు.