చేదు మజ్జిగ

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలు శివకుమారే. పొయ్యి రాజేసి, మజ్జిగ చిలికి, మొగుడు హనుమేష్ గ్లాసులో మాత్రం చిటికెడు పొడి కలిపేది. తాగుడు మాన్పించే పొడి అది. అత్త ఈరక్క కొన్ని నెలల కిందట ఎక్కడో నాటువైద్యుడి కాళ్లావేళ్లా పడి తెచ్చింది.

ఆ పొద్దునా అంతే. హనుమేష్ అరుగు మీద కూర్చుని గుక్కగుక్కగా తాగాడు. ఎక్కడ పారబోస్తాడోనని గ్లాసు ఖాళీ అయ్యేదాకా శివకుమారి పక్కనే కూర్చుంది. కాసేపటికి అతను పెరట్లోకి పోయి, గోడ పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాడు.

"మందు బాగా పనిచేస్తాండాది," అంది ఈరక్క తృప్తిగా. "లోపలుండే విషమంతా బయటికి రావాల. రానీ."

"తలకాయ పగిలిపోతాండాదంటాండాడత్తా. రాత్రంతా పట్టుకోని కుచ్చున్న్యాడు."

"తాగినోనికి పొద్దున తల నొయ్యకుంటే ఇంకేం నొస్తాది?"

శివకుమారి ఖాళీ గ్లాసు కడగడానికి పోయింది. హనుమేష్ మంత్రాలయంలో ఆటో నడుపుతాడు. పట్టుమని పాతికేళ్లు లేవు, నడుస్తూ నడుస్తూ ఓ పక్కకు తూలిపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. తూలేవాణ్ణి చూస్తే ఊరికి ఇంకేం తోస్తుంది పాపం! "నేను తాగల్యా" అని వాడెంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. శివకుమారి నాన్న తాగీ తాగీ పోయినవాడు. ఆ భయంతోనే ఆమె నమ్మేసింది. నోట వాసన రాకపోతే ఏదో నమిలొచ్చాడనుకుంది. పక్క ఎడం చేసింది, మాటలు తగ్గించింది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. మఠానికి పోయే దారిలో ఆటో డివైడర్‌ను గుద్దుకుందట. ఎక్కినవాళ్లకేం కాలేదు, అదొక్కటే మేలు. అత్తాకోడళ్లు పరుగున పోయేసరికి కానిస్టేబుల్ హెన్రీ హనుమేష్‌ను నీడన కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తున్నాడు.

"తాగి బండి తోలద్దురా అంటే వింటివా!" ఈరక్క కొడుకు మీదికి చెయ్యెత్తింది.

"ఆగమ్మా!" హెన్రీ గదిమాడు. "రెండు తూర్లు ఊదిచ్చినా. సున్నా. చుక్క కూడా తాగల్యా మీవాడు. నన్ను చూసి ఇద్దరు పోలీసోళ్లు కనపడతాండారంటాండాడు. ఇదేదో తలకాయ జబ్బు మాదిరి ఉండాది. ఇప్పుడే కర్నూలుకు తీస్కపోండి."

శివకుమారి కర్నూలు దారి పొడుగునా మొగుడి మొహంలోకి చూడలేకపోయింది.

కర్నూల్లో స్కానింగ్ చూశాక డాక్టర్ జీవిత అత్తాకోడళ్లిద్దరినీ కూర్చోబెట్టుకుంది.

"చిన్నమెదడులో గడ్డ ఉందమ్మా. మనిషిని తూలకుండా నిలబెట్టేది ఆ చిన్నమెదడే. తల లోపల నీళ్లు పోయే దారి మూసుకుపోయింది, అందుకే ఆ నొప్పి, వాంతులు. చూస్తుంటే ఎక్కువగా చిన్నపిల్లలకొచ్చే గడ్డలా ఉంది. ఈ వయసువాళ్లకు చాలా అరుదు. ఆపరేషన్ చేసి ముక్క పరీక్షకు పంపితే గానీ ఖాయంగా తెలీదు. తర్వాత తలకూ వెన్నుకూ రేడియేషన్, అదే కరెంటు, పెట్టాల్సి రావచ్చు. వాంతులు ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచే," అంది ఈరక్క గబుక్కున.

"మత్తు ఇవ్వాలి కదా. ఇంట్లో ఏ మందు వాడినా దాచకుండా చెప్పండి."

ఈరక్క కోడల్ని చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. "పొడి సంగతి ఎత్తద్దు. వానికి తెలిస్తే మన మొగాలు చూస్తాడా?"

"చూడకపోతే పోనీ అత్తా. ఆయప్ప బతకాల గదా!"

"గ్లాసులో కలిపింది నువ్వు. నేను గాదు."

"నువ్వు తెచ్చినావు, నేను కలిపినా. ఆయప్ప కక్కుకుంటాంటే ఇద్దరం సంతోషపడినాం!"

ఆ మాటతో ఈరక్క అక్కడే నేలమీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శివకుమారి లోపలికి పోయి అంతా చెప్పేసింది.

డాక్టరు తిట్టలేదు. "గడ్డ ఆ పొడి వల్ల వచ్చింది కాదు. కానీ మందు పనిచేస్తోందనుకుని నెలలు పోగొట్టుకున్నారమ్మా. అది బాగా పెరిగింది. మొత్తం తీయగలనని మాటివ్వలేను."

తిట్టినా బాగుండేది.

ఆపరేషన్‌కు ముందు హనుమేష్‌కు గుండు గీశారు. శివకుమారి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. చెప్పకుండా లోపలికి పంపితే, మళ్లీ చెప్పే రోజు వస్తుందో రాదో!

"నీ మజ్జిగలో..." అని మొదలుపెట్టింది.

"చేదు," అన్నాడు హనుమేష్. "తెలుసులే. ఒకదినం నువ్వు కలుపుతాంటే చూసినా."

"తెలిసీ ఎందుకు తాగినావు? పారబోయకపోతివా! నన్ను నాలుగు తన్నకపోతివా!"

అతను మాట కూడగట్టుకోవడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు. "అది తాగేదాకా... నా పక్కన కుచ్చుంటాంటివి గదా. మిగతా దినమంతా నా దిక్కు చూసేదానివే కాదు."

శివకుమారి అతని కాళ్లమీద పడి బావురుమంది. గుమ్మం దగ్గర అంతా విన్న ఈరక్క వచ్చి కొడుకు గుండును రెండు చేతులా పట్టుకుంది. "నేను కన్నతల్లినేనారా?" అంది. వాడు తల్లి చెయ్యి వదల్లేదు.

గడ్డ చాలావరకు తీశారు. ప్రాణానికి ముప్పని కొంత వదిలేశారు. పరీక్షలో అది డాక్టరు అనుమానించిన గడ్డేనని తేలింది. ఇక కరెంటు పెట్టాలి, మందులెక్కించాలి. ఎన్నాళ్లుంటాడని అడిగితే, "వైద్యం ఆపకండి, ఆశ వదలకండి" అంది తప్ప డాక్టరు ఇంకేం చెప్పలేదు.

తాగడానికి ఇవ్వొచ్చన్న మొదటి పొద్దున శివకుమారి మజ్జిగ తెచ్చింది. అతని కళ్లముందే ముందు తాను ఒక గుక్క తాగింది. తర్వాత చెంచాతో కొంచెం కొంచెంగా పోసింది.

"ఉప్పు... ఎక్కువైండాది," అన్నాడు హనుమేష్. మూతి ఒక పక్కకే నవ్వింది.

"నా కన్నీళ్లు పడినాయేమో. తాగు."

గ్లాసు ఖాళీ అయింది. ఇంక లేచిపోతుందేమోనని అతని చూపు ఆమె మొహంలో వెతికింది. శివకుమారి గ్లాసు కింద పెట్టి, అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుని, అట్లాగే పక్కన కూర్చుంది.