సుల్తాన్ వంశం చెప్పిన రోజు

"ఈ క్రాసింగ్ వద్దు," అనేసింది డాక్టర్ జ్యోత్స్న.

స్టీఫెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆళ్లగడ్డలో రాట్‌వీలర్ కుక్కలంటే అతని పేరే చెప్తారు. జత కట్టించే ముందు పరీక్షకని తన మగకుక్క సుల్తాన్‌ను నంద్యాల దాకా తెస్తే, నిన్నగాక మొన్నొచ్చిన డాక్టరమ్మ వద్దంటోంది!

"అందులో తప్పేంది? ఆడది దాని చెల్లెలి బిడ్డే. రక్తం చెడకూడదని మా నాయన కాలం నుంచీ ఇంతే."

"సుల్తాన్ తాత ఎట్లా పోయినాడు?"

"కాలు వాచి. బండి తగిలింటాది."

"అమ్మ?"

"అదీ... కాలు వాచే."

"బండ్లు కాదప్పా. ఎముక క్యాన్సర్. వంశంలోనే ఉంది. మేనరికం మీద మేనరికం చేసి దాన్ని పెంచినారు."

అతను విసురుగా వెళ్లిపోయాడు. కానీ మనసు ఊరుకోలేదు. గడివేముల, మహానంది, కొత్తపల్లె... తన దగ్గర కుక్కపిల్లల్ని కొన్న వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. పద్దెనిమిదిలో ఏడు అట్లాగే పోయాయి. సుల్తాన్ మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ జాబితాతో మళ్లీ నంద్యాల వెళ్లాడు. ప్రతి ఆదివారం చర్చి కాగానే అదే పని. జ్యోత్స్న కాగితం మీద వంశవృక్షం వేస్తూ, మగవాటికి చదరాలు, ఆడవాటికి సున్నాలు గీసి, క్యాన్సర్ వచ్చినవాటిని నల్లగా నింపేది. బయట వాన.

"ఈ నల్ల సున్నా ఎవురు?"

"రాణి. మా అమ్మ చేత్తోనే తినేది."

ఆమె పెన్ను ఆగిపోయింది. స్టీఫెన్ కాగితం వంక చూడ్డం మానేసి ఆమెనే చూడబట్టి చాలాసేపయింది.

జ్యోత్స్న డాక్టరుగా కూర్చున్న నంద్యాల డాగ్ షోలో సుల్తాన్‌కే మొదటి బహుమతి. మైకు చేతికిచ్చారు. ఒక్కమాటతో ఇరవై ఏళ్ల పేరు పోతుందని తెలిసీ స్టీఫెన్ చెప్పేశాడు.

"నా కుక్కల వంశంలో క్యాన్సర్ ఉండాది. సుల్తాన్‌కు ఇంక క్రాసింగ్ చేయించను. మీరూ దాచొద్దండప్పా."

అంతలో తనూ రాట్‌వీలర్లనే పెంచే గడివేముల ఫిలిప్ లేచాడు.

"మా ఇంట్లో గూడా రెండు కుక్కలు ఇట్లాగే పోయినాయి. రాసుకో డాక్టరమ్మా."

అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. జ్యోత్స్న బల్ల ముందు పెద్ద వరసే తయారైంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. స్టీఫెన్ గుండె ఉప్పొంగిపోయి, ఆ ఊపులోనే వరస తోసుకుంటూ వెళ్లాడు.

"మీరంటే నాకు శానా ఇష్టం, మేడం!"

"ముందు నా కుక్కల్ని రాసుకోనీ అప్పా!" అని కసిరాడు ఫిలిప్. అందరూ గొల్లుమన్నారు.

జ్యోత్స్న తల ఎత్తకుండా రాస్తూనే అంది:

"రేపు మీ అమ్మను తోడుకొని మా ఇంటికి రా. నాయనకు నీ సంగతి నెల కిందటే చెప్పినా."