అమావాస్య ప్రాక్టికల్స్

"ఇది పిచ్చోళ్ల చదువంట గదా, నువ్వెందుకు చేరినవ్?" అన్నాను.

"నీ అసొంటోళ్లు దొరుకుతరని," అంది ఆ అమ్మాయి, తల కూడా తిప్పకుండా.

పక్కబెంచీ వాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కొత్తకోటలో లారీలు బాగుచేసే వెంకటన్న కొడుకు తుకారాంకి అంతవరకు ఎదురు చెప్పిన ఆడపిల్ల లేదు మరి. ఆమె పేరు జములమ్మ. గద్వాలలో చీరలు నేసే భీమయ్య కూతురు, రోజూ బస్సులో వనపర్తికి వచ్చిపోతుంది. అది తొంభై రెండు, జూలై నెల. మా కాలేజీలో బి.ఏ. సైకాలజీ గ్రూపు ఆ ఏడాదే పెట్టారు.

శారద మేడం ఏడాది ప్లానంతా బోర్డు మీద రాసింది. పొద్దున థియరీ, బుధవారం మధ్యాహ్నం ప్రాక్టికల్స్.

"ప్రాక్టికల్ అంటే ఇద్దరు కావాలి. ఒకరు ప్రయోగం చేస్తారు, ఇంకొకరి మీద చేస్తారు. జోడీ రాకపోతే ఇద్దరికీ సున్నా," అని హాజరుపట్టీలో పక్కపక్క పేర్లు కలిపేసింది. జములమ్మ, తుకారాం. నా ఖర్మ!

మొదటి బుధవారం జములమ్మ రెండు గంటల బస్సెక్కి ఇంటికి పోయింది. మరుసటి బుధవారం కూడా అంతే. నేను సామాన్ల ముందు ఒంటరిగా కూర్చొని ఈగలు తోలుకున్నాను.

"నెలాఖరుదాకా గ్రూపు మార్చుకోవచ్చు. ఆమెను హిస్టరీకి పంపిద్దామా?" అంది మేడం.

పంపండి అనాలి నిజానికి. "జర ఆగండి మేడం, నేను మాట్లాడొస్త," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియలేదు.

ఆదివారం వానలో తడుస్తూ గద్వాల వెళ్లాను. మగ్గానికి ఒక దిక్కు భీమయ్య, రెండో దిక్కు జములమ్మ కూర్చొని నేస్తున్నారు. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచుకు దారం మోసే నాడె వేరేది విసరాలి కాబట్టి ఒక్కరి చేత కాదట. గోడ పక్కన ఒకామె ఎవరివైపూ చూడకుండా దారం కండెలు చుడుతోంది.

"ఎవరు బిడ్డా?" అన్నాడు భీమయ్య.

"కాలేజీల నా జోడీ నాయినా," అని నాలుక కరుచుకుంది జములమ్మ.

భీమయ్య నాడె ఆపి నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు.

"ప్రాక్టికల్ జోడీ! ప్రాక్టికల్!" అని అరిచాను. తర్వాత ఆమెతో, "బుధవారం రాకుంటె నిన్ను హిస్టరీల పడేస్తరు," అన్నాను.

జములమ్మ ముఖం మాడిపోయింది. గోడ పక్కనున్న ఆమెను చూపించింది.

"మా మేనత్త, కళావతి. కాన్పయినంక మాట్లాడుడు బంద్ చేసింది. దయ్యం పట్టిందని వేపమండలతోని కొట్టిన్రు. అత్తగారోళ్లు పంపిచ్చేసిన్రు. మగ్గం కాడ కూసోబెడితే నాడె పట్టుకొని గట్లనే చూస్తది. గిది దయ్యం కాదు, రోగమని నాకు అనిపిస్తది. దాని కోసమే చేరిన. హిస్టరీ నాకెందుకు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పిచ్చోళ్ల చదువన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడి భీమయ్య వైపు తిరిగాను.

"బుధవారం ఒక్కపూట మగ్గం ఆపలేరా మామా?"

"ఇప్పటికే పొద్దున పని పాడైతుంది కొడుకా. మా ఇంటామెకు భుజం ఇరిగింది. సేటుకు చీర ఎట్ల ఇయ్యాలె?"

"అసలు మగ్గం ఎప్పుడూ ఆగదా?"

"అమాస నాడు ఆగుతది. ఆ పొద్దు నాడె ముట్టం."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ప్రాక్టికల్స్ నెలకొకటి చేస్తే ఏడాది సిలబస్ అయిపోతుంది!

"అమావాస్య నాడు ఎవరైనా మంచి పని మొదలుపెడతారా తుకారాం?" అంది శారద మేడం, నవ్వాపుకోలేక.

"ఆమెకు గదొక్కటే తీరే పొద్దు మేడం."

"సరే. ఆదివారం వచ్చిన అమావాస్యకు మాత్రం నేను రాను."

మా అమ్మే పరేషాన్ అయింది. "అమాస నాడు కొత్తబట్ట గూడ కట్టం. గీడేంది సెంటు కొట్టుకొని పోతుండు?"

అద్దం ప్రయోగం వచ్చింది. చేతికి అట్ట అడ్డం పెట్టి, అద్దంలో చూస్తూ కాగితం మీది నక్షత్రం చుట్టూ గీత గియ్యాలి. జములమ్మ స్టాప్‌వాచ్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"గీత దాటినవ్. మల్ల దాటినవ్. నక్షత్రం దిక్కు చూస్తున్నవా లేదా?"

"అద్దంల నువ్వు గూడ కనపడుతున్నవ్. నేనేం చెయ్యాలె?"

గీత పూర్తయ్యాక టైం అడిగాను.

"వాచ్ నొక్కుడు మర్సిపోయిన," అంది, చెవులదాకా ఎర్రబడి.

మేడం చెప్పిన హైదరాబాద్ దవాఖానకు ఒక అమావాస్య నాడు కళావతిని తీసుకుపోయాం. డాక్టరు మందులు రాసిచ్చాడు. జములమ్మ గడియారం చూసి రోజూ మింగించింది. చాలా నెలలు ఏ మార్పూ లేదు. ఒకనాడు మేనత్త అన్నం అడిగిందని చెబుతూ, జములమ్మ బస్టాండులో అందరి ముందు ఏడ్చేసింది.

ఫైనలియర్ చివరి ప్రాక్టికల్ అయ్యాక అన్నాను: "ఇగ మన అమాసలు అయిపోయినయి."

"క్యాలెండర్ల ఇంక శాన ఉన్నయి," అంది.

"నువ్వంటే నాకిష్టం, జములా."

"తెల్సు. మూడేండ్ల సంది అద్దంల చూస్తున్న." నవ్వి, వెంటనే తల వంచుకుంది. "ఎం.ఏ. చెయ్యాలె నేను. మగ్గం ఇడిసి ఎట్ల రావాలె?"

అయినా మా అమ్మానాన్నలను గద్వాల తీసుకుపోయాను. అమావాస్య నాడు పెండ్లి మాటేందని మా అమ్మ మొండికేసి పంచమి నాడు బయలుదేరింది. మగ్గం చప్పుడు వీధిలోకే వినబడుతోంది. లోపల భీమయ్యకు ఎదురుగా కూర్చొని నాడె విసురుతున్నది కళావతి.

మమ్మల్ని చూసి భీమయ్య నాడె పక్కన పెట్టి, మగ్గం గుంతలోంచి లేచాడు.

"నాయినా, గియ్యాల అమాస గాదు," అంది జములమ్మ.

"తెల్సులే బిడ్డా. కూసోండ్రి బావా," అని మా నాన్నకు చాప పరిచాడు.

జములమ్మ మగ్గం వైపే చూస్తోంది. అది గమనించి కళావతి అంది, మెల్లగా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ:

"గీడ నేనున్న. నువ్వు పోయి సదువుకో."