ఐదో పాట తర్వాత

పాత కాటా దగ్గర బండి ఆపొద్దని మా స్టాండులో కొత్తగా చేరిన డ్రైవరుకి మొదటిరోజే చెప్పేస్తాం. టైర్లలో గాలి చూసుకోమని చెప్పడం మర్చిపోతామేమో గానీ, ఇది మాత్రం మర్చిపోం.

ఒకప్పుడు లారీలు బరువు తూయించుకునే చోటు అది. మూతపడి ఏళ్లయింది. రోడ్డు పక్కన తుప్పు పట్టిన ఇనప పలక, దాని వెనక ఒకే ఒక్క గది, గదికి తాళం. చుట్టుపక్కల ఇల్లు లేదు, దీపం లేదు. చీకటి పడ్డాక దాని ముందు నుంచి పోతుంటే... ఆడమనిషి గొంతు పిలుస్తుంది.

"అన్నయ్యా... ఇటు చూడు... తలుపు తియ్యి..."

అంతే. మళ్లీ వినపడదు.

ఇంకో వింత ఏమిటంటే — ఊళ్లోంచి పోయేవాళ్లనే పిలిచేది. తిరిగొచ్చేవాళ్ల జోలికి వచ్చేది కాదు. కొందరికి కాటా ఇంకా రాకముందే, కొందరికి దాటాక వినిపించేది. కాబట్టి అది గదిలో ఉండదు, రోడ్డు మీద తిరుగుతుంది అని మా స్టాండులో పెద్ద తలకాయలు తేల్చేశాయి. దెయ్యమైనా మర్యాద తెలిసింది, అందర్నీ అన్నయ్యా అంటోంది అని నవ్వుకున్నాం కూడా.

పగటిపూట నవ్వుకున్నాం లెండి. చీకట్లో ఆ దారిన కిరాయి తగిలితే అద్దాలు ఎత్తేసి, పాట సౌండు పెంచి, యాక్సిలరేటరు అదిమేవాళ్లం. సౌండు పెంచిన కొద్దీ అది ఇంకా దగ్గర్నుంచి పిలిచినట్టుండేది... నేనూ అలా పారిపోయినవాణ్ణే. దాచడమెందుకు.

నమ్మనివాడు ఒక్కడే — నిదానం. బండి నలభై దాటించడని మేం పెట్టిన పేరు.

"రోజూ పోతున్నాను. నన్నెప్పుడూ పిలవలేదు," అనేవాడు.

"నీ స్పీడుకి దానికే విసుగొచ్చి లోపలికి పోయి పడుకునుంటుంది," అనేవాళ్లం.

ఇకముందు చెప్పేదంతా నిదానం నోటి వెంట విన్నదే. ఆఖర్న జరిగింది మాత్రం నేను కళ్లారా చూశాను.

నిదానానికి ఒక్కతే చెల్లెలు. మా స్టాండు ఎదురుగా సీడీల కొట్టు ఉండేది, ఆ కొట్టాయనకే ఇచ్చి చేశాడు. కొట్టాయన మాటకారి. ఎవరికి ఏ పాటలు కావాలన్నా పాత క్యాసెట్ల నుంచి కంప్యూటరులోకి ఎక్కించి, కారులో పెట్టుకోవడానికి సీడీ చేసి ఇచ్చేవాడు. కొట్టు వెనక ఒక చిన్న గది. ప్రచారం బళ్లకి కావలసిన మాటలు అందులో మైకు పెట్టి రికార్డు చేసేవాడు. లోపలి చప్పుడు బయటికి పోకుండా గోడలకీ తలుపుకీ మందంగా స్పాంజి అంటించాడు. గదికీ కొట్టుకీ మధ్య ఒక అద్దం, దాని మీద రేట్ల కాగితం.

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది.

"నన్ను తీసుకుపో అన్నయ్యా. ఈయన మనిషి కాదు."

"సర్దుకుపోవాలమ్మా. ఎవరింట్లో లేవు గొడవలు," అన్నాడు నిదానం.

నెల తిరక్కుండానే కొట్టాయన తల దించుకుని వచ్చాడు. "మీ చెల్లెలు వెళ్లిపోయింది బావా... ఎవరితోనో."

నిదానం నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు, పరువు తీసిందని పళ్లు నూరాడు. వెతకలేదు. పైగా కొట్టాయన మీద జాలిపడి, ఖాళీ దొరికితే పోయి ఆ కొట్టులోనే కూర్చునేవాడు. స్టాండులో మా పాతికమందికీ ఒకే సీడీ చేయించమని అడిగింది మేమే. నిదానం తన ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లు తీసుకెళ్లి, దగ్గరుండి పాటలు ఎక్కించాడు.

ఆ సీడీయే అందరి బళ్లలోనూ. స్టాండులో బండి స్టార్ట్ చెయ్యగానే మొదటి పాట అందుకునేది. మా స్టీరియోలు అలాంటివి. నిదానం మాత్రం ఐదో పాట ఇంకా అవుతుండగానే బటన్ నొక్కి ఏడుకి దూకించేవాడు. ఆరో పాట చెల్లెలికి ప్రాణం. అది వింటే ఎక్కడ కోపం చల్లారిపోతుందోనని అతని భయం.

ఆ సాయంత్రం చీకటి పడింది. బండిలో ఒక్కడే. కాటా కనుచూపు మేరలో ఉండగా కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. చేతులు రెండూ స్టీరింగు మీదే బిగుసుకుపోయాయి... బటన్ సంగతి మర్చిపోయాడు.

ఐదో పాట సన్నగిల్లింది. ఆగిపోయింది.

నిశ్శబ్దం...

"అన్నయ్యా... ఇటు చూడు... తలుపు తియ్యి..."

అది చెల్లెలి గొంతు.

కారు తలుపు బార్లా వదిలేసి పరిగెత్తాడు. జాకీ రాడ్డుతో తాళం బద్దలుకొట్టాడు. లోపల ఎలుకలు, పాత చీటీలు, బూజు. మనిషి లేదు.

తిన్నగా కొట్టుకి వచ్చిపడ్డాడు.

"చెల్లి చచ్చిపోయింది బావా... కాటా గదిలోంచి నన్ను పిలిచింది."

కొట్టాయన స్టూలు లాగి అతన్ని కూర్చోబెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు —

"అప్పుడు... ఏ పాట వస్తోంది?"

"పాటేంటి బావా... ఏమో. ఐదోది అయిపోయింది."

కొట్టాయన అతన్ని వాటేసుకుని బావురుమన్నాడు. తెల్లారేసరికి కొట్టు షట్టరు దింపి ఉంది. పాపం, దుఃఖం తట్టుకోలేక ఊరొదిలిపోయాడు అనుకున్నాం. అన్నది మేమే.

ఆ రోజు నుంచి నిదానం కిరాయిలు మానేశాడు. చీకటి పడితే కాటా దగ్గరికి పోయి ఆ గది గుమ్మంలో కూర్చునేవాడు. పాటలు పెట్టబుద్ధి కాలేదు, స్టీరియో కట్టేసే పోయేవాడు.

"తప్పయిపోయిందమ్మా. ఇదిగో, తలుపు తీసే ఉంచాను... బయటికి రా."

ఆరు సాయంత్రాలు అలా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా పలకలేదు. ఇంకా అలిగే ఉంది అనుకున్నాడు.

ఏడో రోజు మిట్టమధ్యాహ్నం. ఇంటి ముందు కారు కడుగుతున్నాడు. "ఆ పాటలన్నా పెట్టు, ఇల్లు ఇల్లులా లేదు," అంది భార్య. పెట్టాడు. ఇంజను ఆఫ్‌లో ఉంది. వీధి నిద్రపోతోంది. ఒకటి, రెండు, మూడు... ఐదో పాట అయింది.

"అన్నయ్యా... ఇటు చూడు... తలుపు తియ్యి..."

పట్టపగలు. అతని ఇంటి ముందు.

తడిగుడ్డ పక్కన పడేసి, ఐదో పాట మళ్లీ పెట్టాడు. సౌండు పూర్తిగా పెంచి, చెవి స్పీకరుకి ఆనించాడు. పాట సన్నగిల్లుతున్న చోట, దాని కింద నుంచి, ఎప్పుడూ ఎవరికీ వినపడని మాటలు —

"అన్నయ్యా... వేలికి ఆ కట్టేంటి... దెబ్బ తగిలిందా..."

నిదానం తన బొటనవేలు చూసుకున్నాడు. మచ్చ ఉంది. ఆ మధ్య బానెట్ మూస్తుంటే నలిగింది. కట్టు ఉన్నది నాలుగే రోజులు. ఆ నాలుగు రోజుల్లోనే కొట్టులో పాటలు ఎక్కించింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదో పాటతో క్యాసెట్టు ఒకవైపు అయిపోయింది. కొట్టాయన బయట ఎవరితోనో మాట్లాడుతుంటే, తిప్పడానికి తనే లేచాడు. కట్టు వేలితో క్యాసెట్టు ఊడి రాలేదు. తడుముకుంటూ నిలబడ్డాడు. ఎదురుగా అద్దం, అద్దం మీద రేట్ల కాగితం... ఆ కాగితం చిరుగులోంచి చెల్లెలు తనని చూస్తూనే ఉంది. పిలుస్తూనే ఉంది. స్పాంజి ఆ గొంతుని కొట్టులోకి రానివ్వలేదు. అదే కంప్యూటరుకి కలిపి ఉన్న లోపలి మైకు సౌండు నాబ్ తగ్గించడం కొట్టాయన మర్చిపోయాడు. పాట మోగినంతసేపూ మునిగిపోయిన గొంతు, క్యాసెట్టు తిప్పే ఆ కాస్త సందులో సీడీలోకి ఎక్కింది.

స్టాండు నుంచి కాటాకి ఐదు పాటల దూరం. పగలు రోడ్డు రొదలో ఆ సన్నటి పిలుపు ఎవరి చెవినా పడలేదు. దెయ్యం అంతకుమించి ఏమీ లేదు.

నిదానం అరుచుకుంటూ కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు. షట్టరు లేపడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. గదిలో బోర్లించిన ఖాళీ బకెట్టు ఉంది. గోళ్లతో చీరిన స్పాంజి నేలంతా ఉంది. ఆమె అద్దం కింద ముడుచుకుని ఉంది.

"పోయి ఒక రోజు కూడా కాలేదు," అన్నాడు డాక్టరు.

నిదానం వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. కాటా గుమ్మంలో ఆరు సాయంత్రాలు. అందులో ఐదు సాయంత్రాలు ఆమె బతికే ఉంది. ఆ లెక్క ఇప్పటికీ పెడుతూనే ఉంటాడు, స్టాండులో కూర్చుని. కొట్టాయన్ని తర్వాత పట్టుకున్నారు. దానివల్ల ఆమెకి ఏమొచ్చింది.

మేం పాతికమందిమీ ఆ పిలుపు విన్నాం. పాతికమందిమీ అద్దాలు ఎత్తుకున్నాం.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఆ గది తలుపుకి తాళం లేదు. కొట్టు వైపు ఒక గడియ, అంతే. నా సీడీ కోసం కూర్చున్న రోజు నా చేతిసంచి ఆ గడియకే తగిలించుకున్నాను.