ఎండకు పెట్టిన కంప్యూటరు

పొద్దున్నే డాబా ఎక్కిన కనకలక్ష్మికి తన గుమ్మడి వడియాల పక్కనే ఈతచాప మీద ఓ పాత కీబోర్డు కనబడింది. మీటలన్నీ ఊడదీసి వరసగా పరిచి ఉన్నాయి. కాకులు ముట్టకుండా పైన వల కూడా కప్పి ఉంది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఇవేమన్నా ఉప్పుచేపలా అబ్బాయ్, వల కప్పి మరీ ఎండబెట్టావు?"

అల్లుడు నాగబాబు నవ్వేశాడు. "మా అమ్మ చేపలు ఎండబెట్టేది ఇట్టాగేనండి. సబ్బునీళ్ళతో కడిగాను. మధ్యలో ఓసారి తిరగేస్తే సరిపోద్ది."

"అయితే ఆ కంపు మా గుణదలకీ మోసుకొచ్చావన్నమాట."

అతను మీటలు ఏరుకుని డాబా మీది గదిలోకి పోయాడు.

కనకలక్ష్మికి భర్త పోయాడు. రామతులసి ఒక్కతే కూతురు. కంప్యూటర్ సెంటర్లో పాఠం చెప్పే నాగబాబుని చూసి, వాళ్ళది బందరు అవతల చేపలమ్ముకునే ఇల్లని తెలిసే చేసుకుంది. ఆ తర్వాత సెంటరు మూతపడింది, మొగుడూ పెళ్ళాలు ఈ ఇంటికే వచ్చి పడ్డారు. వచ్చిన దగ్గర్నుంచీ కనకలక్ష్మి అతన్ని అల్లుడని పిలిచిన పాపాన పోలేదు. అన్నం పెట్టేటప్పుడు గరిటె అతని కంచానికి తగలకుండా ఎత్తిపట్టి పడేసేది. అది తులసి కూడా చూసేది. చూసి తల తిప్పుకునేది.

బెజవాడ బెంజ్ సర్కిల్ ఆఫీసులవాళ్ళు కొత్త కంప్యూటర్లు కొనుక్కుని పాతవి పాతసామాన్ల కొట్లకి తోలేసే రోజులవి. నాగబాబు వాటిని తెచ్చుకుని, మూడు చచ్చినవాటిలోంచి ఒకదాన్ని బతికించేవాడు. రెండువేల ఒకటో సంవత్సరం వేసవంతా కూర్చుని ఒకటి నిలబెట్టాడు. కొండ కింద క్రైస్తవ సిస్టర్ల బడిలో అది నడిస్తే, అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే పని అతనికే ఇస్తామన్నారు. బడి ఆవరణలో ఉండటానికి గది కూడా. ఇవాళ సాయంత్రమే రిక్షా పంపుతున్నారు.

గది మాట విన్నప్పట్నించీ కనకలక్ష్మికి నిద్ర లేదు. ఆ కంప్యూటరు పెట్టె నడిచిందంటే కూతురు గడప దాటినట్టే.

డాబా కడిగే వంకతో బకెట్టు తీసుకుని, నాగబాబు కిందికి దిగిన సందు చూసి, గదిలో బల్ల మీదున్న పెట్టె మీద నిలువునా కుమ్మరించింది. చప్పుడుకి నాగబాబు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, చెయ్యి జారింది! పోయిందా?"

అతను పెట్టె వంచి నీళ్ళు ఒంపాడు. మూత విప్పి లోపల చూశాడు. మొహం తేటపడింది.

"మీరేం కంగారుపడకండి అత్తయ్యగారూ. నేను కూడా కడిగే బాగుచేస్తాను. వైరు పీకేసుంది గదా, ఏం కాదు. తడి మీద కరెంటిస్తేనే చచ్చేది. నాలుగింటిదాకా ఎండలో ఉంటే చాలు."

మూత లేకుండానే పెట్టెని డాబా గది గుమ్మం ముందు ఎండలో పెట్టి, కొత్త మరలు తేవడానికి సైకిలెక్కాడు. తులసి వంటింట్లో పాట పాడుకుంటూ బడి గదిలోకి పట్టుకెళ్ళే గిన్నెలు విడిగా సర్దుకుంటోంది. ఆ పాట విన్నకొద్దీ ఉండబట్టలేక కనకలక్ష్మి మెల్లగా పైకెక్కింది. రోజూ అతను చేసేది చూస్తూనే ఉంది గదా. వైరు లాగి పెట్టెకి తగిలించి గోడ ప్లగ్గులో గుచ్చింది. బొత్తాం నొక్కింది.

చిటుక్కుమంది. వెంట్రుకలు కాలినట్టు కమురు వాసన లేచింది. ఆవిడ వైరు కూడా పీకకుండా దిగొచ్చేసింది.

సాయంత్రం బడి నుంచి జాన్‌బాబు సామాన్ల రిక్షా తోలుకొచ్చాడు. నడుస్తుందో లేదో చూసి మరీ తెమ్మన్నారని చెప్పి పైకొచ్చాడు. మరలు తెచ్చుకుని అప్పుడే వచ్చిన నాగబాబు పెట్టె దగ్గర కూర్చున్నాడు. లోపల నల్లగా మాడిన బోర్డు చూశాడు. గోడకున్న వైరు చూశాడు. తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ అత్తగారి వంక చూశాడు. వైరు పీకేశాడు.

"ఏమైందండీ?" అంది తులసి.

"కాలిపోయింది."

"కాలిపోవడమేంటి? ఎవరు కాల్చారు?"

అతను వైరు చుట్టుకుంటూ ఉండిపోయాడు. తులసి మొహం ఎర్రగా కందిపోయింది.

"తడారకముందే స్విచ్చేశావు కదూ? ఆత్రం! నీ మాట నమ్మి గిన్నెలు సర్దుకున్నాను చూడు, నాకు సిగ్గు లేదు. నీకెందుకయ్యా కంప్యూటర్లు? పోయి మీ అమ్మ పక్కన కూర్చుని ఈగలు తోలుకో. ఏం మనిషివి నువ్వు? నీ పక్కన పడుకుంటేనే నాకు నీచు కంపు!"

జాన్‌బాబు తల దించుకున్నాడు. నాగబాబు కొత్త మరల పొట్లం జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంత మాట కనకలక్ష్మి కూడా ఏనాడూ అనలేదు. కూతుర్ని దగ్గరుంచుకుందామనుకుంది గానీ, ఇలాంటి కూతుర్ని మిగుల్చుకుందామని కాదు. ఆ విరిచిన మూతి, ఆ కళ్ళు, పుట్టుకతో వచ్చినవి కావు. తనింట్లో కూర్చుని నేర్చుకున్నవి.

"ఇక చాలే తులసీ! స్విచ్చేసింది నేను."

"అమ్మా?"

"నీళ్ళు పోసిందీ నేనే. తెలిసే పోశాను. చావలేదని తెలిసి కరెంటిచ్చాను. నువ్వెళ్ళిపోతావని."

తులసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూలబడిపోయింది.

"తెలుసండి," అన్నాడు నాగబాబు. "వైరు నేను పెట్టలేదు గదా."

"మరి చెప్పవేం? ఇన్ని మాటలు పడతావా?"

"మీరు చెప్తారేమోనని చూశానండి."

తులసి పాక్కుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోవడం చూసి తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే భోరుమన్నారు.

జాన్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "సిస్టరుగారికి ఏం చెప్పమంటారండి? కాలిపోయిందంటే ఆ పని వేరేవాళ్ళకిచ్చేస్తారు."

"నువ్వేం చెప్పొద్దు. మా అల్లుడుగారి తప్పు లేదని నేనొచ్చి చెప్తాను," అంది కనకలక్ష్మి, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఇంకోటి చేసేదాకా ఆగమని కాళ్ళయినా పట్టుకుంటాను."

మోకాళ్ళ నొప్పితో ఆవిడ అంత దూరం నడవలేదు. కంప్యూటరు ఎక్కాల్సిన రిక్షా బల్ల మీద ఆవిడే ఎక్కి కూర్చుంది. వీధిలోవాళ్ళు గేట్ల దగ్గరకొచ్చి చూస్తున్నారు. తల దించుకోలేదు.

కాస్త దూరం పోయాక వెనక చెప్పుల చప్పుడయింది. నాగబాబు. మొహం ఇంకా బిగుసుకునే ఉంది.

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యగారూ. ముందు గొయ్యుంది," అన్నాడు, రిక్షా వెనక చెయ్యేసి తోస్తూ.