గుమ్మం దాకా వెళ్ళిన కుట్టుమిషను

"ఏమండీ... దాన్ని పంపించకండి! మీకు దణ్ణం పెడతాను!"

ఆమె మాట పూర్తికాకుండానే కళ్ళు నిండిపోయాయి! బయట ఆటో ఆగి ఉంది. కొనుక్కున్నవాళ్ళు కుట్టుమిషను ఎత్తి గుమ్మం దాకా తెచ్చేశారు. ముప్ఫై ఏళ్ళ మిషను... వీధిలో సగంమంది పిల్లలు దానిమీద కుట్టిన బట్టల్లోనే పెరిగారు!

"కుదరదంటే కుదరదు!" అన్నాడు భర్త. "పోయినేడు కిందపడ్డ సూది నీ కాల్లో దిగి, ఆ పుండు మానక వేలు తీసేయాలేమో అన్నారు. షుగరున్న కాలు! నా పైప్రాణాలు పైనే పోయాయి!"

కూతురు గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రిలో కొత్త ఉద్యోగం పిల్లది. షుగరున్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి వాళ్ళ బతుకెలా ఉందో అడిగి, చెప్పిన జవాబులకి మార్కులు వేయాలి. అమ్మమీద ప్రాక్టీసు చేస్తానని పొద్దుటినుంచీ ఒకటే గోల!

"ఆగండాగండి! అమ్మా, చెప్పు. జబ్బువల్ల నీకిష్టమైన పనులు మానుకోవాల్సొస్తోందా?"

"ఎప్పుడూ లేదు, రాసుకో!" తండ్రే అందుకున్నాడు. "పొద్దున చూశాను, షుగరు నూటపది! డాక్టరే మెచ్చుకున్నాడు. మీ అమ్మని కుర్చీలోంచి లేవనివ్వడం లేదు, మహారాణిలా చూసుకుంటున్నాను!"

"నాన్నా, నేనడిగింది అమ్మని!"

అంతే! ఇన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"అన్నీ మానుకున్నానే తల్లీ! షుగరు బాగుందట... నేనేం బాగున్నాను? పొద్దున లేస్తే వేలు పొడిపించుకోవడం, ఆ అంకె చూసి ఈయన మురిసిపోవడం! గుడ్డముక్క చేతపట్టి ఏడాదయింది. ఎవరైనా 'జాకెట్టు కుడతావా అక్కా' అని పిలిస్తే చాలు, వాకిట్లోంచే పంపించేస్తారు. నన్ను బతికించారు, కాదనను... కానీ నాకు ఊసుపోక చచ్చిపోవాలనిపిస్తోందండీ!"

భర్త గబగబా పెరట్లోకి వెళ్ళిపోయాడు! కోపమొచ్చిందేమోనని ఆమె భయపడింది. అనవసరంగా నోరుజారానా అనుకుంది పిచ్చితల్లి!

ఆయన తిరిగొచ్చాడు. ఇనుము చెక్కే తన లేత్ వర్క్‌షాపులో ఇనపరజను ఏరుకునే పెద్ద అయస్కాంతం చేతిలో ఉంది!

"బాబూ, మిషను లోపల పెట్టేయండి. మీ డబ్బు మీకిచ్చేస్తాను." భార్యవైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇల్లంతా బూట్లు వేసుకునే తిరగాలి. రోజూ నువ్వు మిషను దగ్గర్నుంచి లేచేముందు నేలమీద పడ్డ సూదులన్నీ నేను ఏరేస్తాను, దీంతో. సరేనా?"

సాయంత్రానికల్లా మిషను గిరగిరా తిరుగుతోంది! మోకాళ్ళమీద కూర్చుని అంత పెద్దమనిషీ నేలంతా అయస్కాంతంతో తడుముతున్నాడు.

"మళ్ళీ అడగనా అమ్మా? ఇప్పుడెలా ఉంది బతుకు?" అంది కూతురు ఉత్సాహంగా.

"తర్వాత అడగవే... చేతినిండా పనుంది!" తలెత్తకుండానే అందామె.