సుబ్బారావు కట్టిన తూటాలు

శివపార్వతి మెట్లెక్కి వచ్చిన తీరు చూసి, కింద టేక్‌అవే హోటలు వాళ్లతో పోట్లాటకు వచ్చిన మనిషి దారి తప్పి పైకొచ్చిందేమో అనుకుంది నీలిమ. ఆమె తలుపు తట్టలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చేతిలోని ప్లాస్టిక్ సంచిని మొగిలయ్య బల్ల మీద ధన్‌మని పెట్టింది.

"నా మొగుడు అజాగ్రత్త మనిషని రాసినారన్నా. అది అబద్ధమని నువ్వు తేల్చాల."

2014 నవంబరు మొదటి వారం అది. మొగిలయ్యది వరంగల్. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున కాలిన ఇళ్లూ గుద్దుకున్న కార్లూ చూసి చూసి, చివరికి ఇంగ్లండులోని కోవెంట్రీలో ఈ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. మూడేళ్లుగా నీలిమ అతనికి సహాయకురాలు. ఆయన చూసిందే తనూ చూస్తుంది, ఆయనకు కనబడింది మాత్రం తనకు కనబడదు. అందుకే ఆయనంటే ఆమెకు అంత గౌరవం.

"కోపం తగ్గించుకోమని నేనననమ్మా," అన్నాడు మొగిలయ్య. "కోపంల ఉండే చెప్పు. ఏమైందో మొదటి నుంచి చెప్పు."

భర్త వెంకటసుబ్బారావు ప్రొద్దుటూరువాడు. ఇక్కడ కార్ల ఇంజన్లు డిజైన్ చేసే ఇంజనీరు. అతని సరదా వేరు: విక్టోరియా రాణి కాలపు పద్ధతిలో, ఒక్కసారికి ఒక్క తూటా మాత్రమే పట్టే తుపాకిని కొత్తగా తయారు చేసుకోవడం, దానికి ఆ కాలపు తూటాలనే సొంతంగా కట్టుకోవడం. చెక్క పిడి తనే చెక్కాడు. గురి చూసే పరికరం తనే అమర్చాడు. తుపాకి గొట్టం, అంటే బారెల్ మాత్రం లైసెన్సు ఉన్న తుపాకుల వ్యాపారి కోలిన్ హార్వుడ్ తన షాపులో తయారు చేశాడు. గత నెల ఒక శనివారం, తుపాకులు కాల్చడం సాధన చేసే క్లబ్బు రేంజిలో తొలి గుండు పేల్చగానే తుపాకి పగిలింది. ఉక్కు ముక్క గొంతులో దిగి సుబ్బారావు అక్కడికక్కడే పోయాడు.

"ఆయప్ప పెట్టెలో మిగిలిన తూటాలు విప్పి చూస్తే, నాలుగింట్లో పాత నల్ల తుపాకిమందుకు బదులు ఈ కాలపు మందు ఉందంట. అది ఎన్నో రెట్లు బలమంట. అంత మందు కూరితే ఏ తుపాకైనా పగులుతాదంట. రెండు రకాలూ కలగాపులగం చేసుకున్నాడని పోలీసుల ఎక్స్‌పర్ట్ రాసినాడు. వచ్చే వారం ఇన్‌క్వెస్ట్, చావెట్లా వచ్చిందో తేల్చే కోర్టు విచారణ. అదే మాట ఖాయం చేస్తారు. నా బిడ్డను స్కూల్లో, మీ నాన్న తన్ను తానే పేల్చుకున్నాడంట కదా అని అడుగుతాండారు." ఆమె గొంతు ఇంకా గట్టిపడింది. "ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేసే మనిషన్నా ఆయప్ప."

"ఇంట్ల ఆ కొత్త మందు ఉండెనా?"

"ఎప్పుడూ లేదు. కొనలేదు."

"తూటాల పెట్టె పోలీసులకు ఎప్పుడు ఇచ్చిండ్రు?"

"మరుసటి రోజు. ఆ రాత్రి కోలిన్ బీరువాలో ఉన్నింది. లైసెన్సు ఉండేది అతనికే కదా, తూటాలు బయట వదలకూడదంట. మా షెడ్డులో ఉన్న మందు కూడా ఆ సాయంత్రమే వచ్చి తీసకపోయినాడు. పాపం, నన్ను పట్టుకుని ఏడ్చినాడు కూడా. నేనే తాళం ఇచ్చినా."

"బారెల్ మీ ఆయన చేతికెప్పుడు వచ్చింది?"

"శుక్రవారం. సోమవారం నాటికి ఇంకా కోలిన్ లేతు మిషన్ మీదే ఉండాదని విసుక్కుంటాండె. ఎందుకన్నా?"

"ఊకెనే అడిగిన."

సంచిలో ఎక్స్‌పర్ట్ రిపోర్టు, విప్పిన తూటాల ఫోటోలు ఉన్నాయి. తూటా లోపల మందు మీద మూతలా పెట్టే చిన్న అట్టబిళ్లలు నీలిమకు వింతగా అనిపించాయి. మంచి మందుతో ఉన్న తూటాలవి ఒకే రంగువి, నున్నటివి. తప్పుడు మందుతో ఉన్న నాలుగింటి మీద మాత్రం బంగారు గీతలున్నాయి. ఒకదాని మీద గీత కొక్కెంలా వంగింది, ఇంకోదాని మీద చేటలా వెడల్పయింది. ముగ్గు ముక్కలేమో అనుకుని ఆమె పేజీ తిప్పేసింది. మొగిలయ్య తిప్పనివ్వలేదు. వేలు అడ్డుపెట్టాడు.

మర్నాడు ఇద్దరూ సుబ్బారావు ఇంటికి వెళ్లారు. షెడ్డు తలుపు తీసింది సిరి, అతని కూతురు, పదిహేనేళ్లది. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. లోపల పనిముట్లన్నీ గోడ మీద వాటి వాటి బొమ్మ గీసి ఉన్న చోట వేలాడుతున్నాయి. బల్ల మీద రెండు బిస్కెట్ డబ్బాలున్నాయి. ఒకటి ఖాళీ. మొగిలయ్య రెండోదాని మీద చెయ్యి వేశాడు.

"నాట్ దట్ వన్, అంకుల్. దట్స్ ఫర్ ది టెంపుల్."

డబ్బా నిండా పెళ్లి శుభలేఖల ముక్కలు. ఇండియా నుంచి వచ్చే శుభలేఖల దళసరి అట్ట ఈ బిళ్లలకు బాగా పనికొస్తుందని వాళ్ల నాన్న తెలిసినవాళ్లందరి దగ్గరా అడిగి తెచ్చుకునేవాడట. ముందు దేవుడి బొమ్మ ఉన్న భాగం, పసుపు పెట్టిన మూల కత్తిరించి ఈ డబ్బాలో వేసి, నిండాక గుడిలో ఇచ్చి వచ్చేవాడట. మిగిలిన ఉత్త అట్ట మాత్రం ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ డబ్బాలో వేసేవాడట. చివరి తూటాలు కట్టేసరికి అది అయిపోయింది.

"హీ సెడ్ యూ డోంట్ పుట్ గణేశా ఇన్ అ గన్," అంది సిరి. ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల వాళ్లిద్దరి వైపూ చూడలేదు.

అక్కణ్నుంచి రేంజికి వెళ్లారు. క్లబ్బు సెక్రటరీ మార్గరెట్ ఒక డాక్టరు క్లినిక్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వాళ్ల మాటలు ఇంగ్లీషులోనే సాగాయి.

"సుబ్బారావు అజాగ్రత్తపరుడని మీరు నమ్మారా?" అడిగాడు మొగిలయ్య.

"నమ్మలేదు. కాని ఎక్స్‌పర్ట్ రాశాడు కదా."

"మీరేం చూశారో చెప్పండి. ఆయన రాసింది వద్దు."

మార్గరెట్ ముఖం ఎర్రబడింది. "తొలి గుండు కదా, మేమంతా ఆపి చూస్తున్నాం. అతనొక్కడే కాల్చాడు. పెద్ద చప్పుడు. తర్వాత నాకు అతను కనపడలేదు. తెల్లటి పొగ, మబ్బులా కమ్మేసింది. కుళ్లిన గుడ్ల కంపు. చేతులతో పొగను తోసుకుంటూ వెళ్లాను. అప్పటికే..." ఆమె ఆగింది. "ఆ పొగ మాకు మామూలే. పక్క వరసలో కొత్త తుపాకులవాళ్లు రోజూ తిడతారు, మా పొగకి వాళ్ల టార్గెట్ కనపడదని. వాళ్ల దగ్గర పొగే ఉండదు మరి."

మొగిలయ్య ఒక్క క్షణం ఆమెనే చూశాడు. తర్వాత వెళ్లి సుబ్బారావు తన పాత తుపాకితో ఎప్పుడూ పడుకుని కాల్చే చోటికి ముందు, తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. తూటాతో పాటు ఎగిరిపడిన అట్టబిళ్లలు నానిపోయి అక్కడక్కడా ఉన్నాయి. ముగ్గురూ ఏరారు. ఎరుపు, మీగడ రంగు, ఆకుపచ్చ. అన్నీ ఉత్తవే.

కారులో నీలిమ ఉండబట్టలేక అడిగింది. "సార్, నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కాని మీకు అర్థమైపోయింది, మీ ముఖం చూస్తేనే తెలుస్తోందండీ."

"నాకు కోపమొస్తుంది నీలిమా. అందరి కండ్ల ముందట అయ్యింది. అందరు చూసిండ్రు. ఒక్కడు నోరు తెరవలే."

ఇన్‌క్వెస్టుకు ముందురోజు క్లబ్బు గదిలో అందరినీ కూర్చోబెట్టాడు మొగిలయ్య. శివపార్వతి, సిరి, మార్గరెట్, కేసు చూస్తున్న పోలీసు అధికారిణి, కోలిన్ హార్వుడ్. హార్వుడ్ యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. శివపార్వతి భుజం మీద చెయ్యి వేసి పలకరించాడు. ఆమె వద్దనలేదు.

"మిస్టర్ హార్వుడ్, సుబ్బారావు అట్టబిళ్లలు దేనితో చేసేవాడు?" మామూలుగా అడిగాడు మొగిలయ్య.

"పెళ్లి కార్డులతో," నవ్వాడు హార్వుడ్. "ఏనుగు బొమ్మలూ అవీ ఇవీ. ఏది చేతికొస్తే అది. మేం ఏడిపించేవాళ్లం."

"హీ నెవర్!" సిరి లేచి నిలబడింది. "నెవర్ ది ఎలిఫెంట్!"

మొగిలయ్య ఆ పిల్లను కూర్చోమన్నాడు. గడ్డిలో ఏరిన బిళ్లలు బల్ల మీద పరిచాడు. "ఎన్నో నెలలుగా ఆయన కాల్చినవి. ఒక్కదాని మీదా బొమ్మ లేదు. పెట్టెలోని మంచి తూటాల్లోనూ లేదు. తప్పుడు మందు ఉన్న నాలుగింట్లోనే ఉంది." ఫోటో జరిపాడు. "ఈ కొక్కెం వినాయకుడి తొండం. ఈ చేట ఆయన చెవి. మా ఇళ్లల్లో శుభలేఖ చించాల్సొచ్చినా ఆ బొమ్మ తీసి కళ్లకద్దుకుని పక్కన పెడతారు. సుబ్బారావు దాన్ని తుపాకిలో పెట్టడు. ఈ నాలుగూ ఆయన కట్టిన తూటాలు కావు."

"హడావుడిలో పెట్టి ఉండొచ్చు," అన్నాడు హార్వుడ్.

"సరే, బిళ్లలు వదిలేద్దాం. మార్గరెట్, తుపాకి పగిలినప్పుడు ఏం చూశారు?"

"పొగ," అంది మార్గరెట్. అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో దేవుడా. పొగ!"

"తెల్లటి పొగ, గంధకం కంపు. అది పాత నల్ల మందుకే వస్తుంది. కొత్త మందుకు ఆ మబ్బు రాదు. ఆ రోజు పేలిన తూటాలో సుబ్బారావు పెట్టింది సరైన మందే. ఆ తూటాతో మంచి తుపాకి పగలదు. మరి పగిలింది ఎందుకు? బారెల్ చెడ్డది కనుక. ఈ దేశంలో కొత్త బారెల్‌ను అమ్మే ముందు కావాలని ఎక్కువ మందు పెట్టి పేల్చి పరీక్షించి ముద్ర వేయాలి. దానికి వారాలు పడుతుంది. ఇది సోమవారం లేతు మీద ఉంది, శుక్రవారం ఆయన చేతిలో ఉంది."

మొగిలయ్య హార్వుడ్ వైపు తిరిగాడు.

"తుపాకి పగలగానే మీకు విషయం అర్థమైంది, మిస్టర్ హార్వుడ్. నేరం ఆయన మందు మీదికి నెట్టాలి. పెట్టె మీ దగ్గర పెట్టుకున్నారు. ఇంటికెళ్లి, ఆమె చేతి నుంచే తాళం తీసుకుని, ఆయన వాడే అట్ట కోసం షెడ్డులో వెతికారు. మామూలు డబ్బా ఖాళీ. గుడికివ్వాల్సిన డబ్బాలో మాత్రం అట్ట నిండుగా ఉంది. మీకు రెండూ ఒకటే. నాలుగు తూటాలు విప్పి, మందు మార్చి, కొత్త బిళ్లలు కోసి మూశారు."

పోలీసు అధికారిణి లేచి తలుపు దగ్గర నిలబడింది.

"శనివారానికి కావాలని అతనే తొందరపెట్టాడు," అన్నాడు హార్వుడ్. "పరీక్షకు తర్వాత పంపుదామనుకున్నా. ఇంతవరకు నా బారెల్ ఒక్కటీ పగల్లేదు. లైసెన్సు పోతుంది, జైలు... అతనెలాగూ పోయాడు కదా, ఇంక అతనికి ఏం నష్టమని..."

ఆ ఆఖరి మాటకు నీలిమకు అరవాలనిపించింది. మొగిలయ్య వైపు చూసింది. ఆయన శివపార్వతి వైపు చూస్తున్నాడు.

"పరీక్ష కాలేదని ఆయప్పకు చెప్పినావా?" శివపార్వతి తెలుగులోనే అడిగింది. నీలిమ ఇంగ్లీషులో చెప్పింది.

"లేదు. అయిందని చెప్పాను. ఐ యామ్ సారీ, పార్వతీ. ఐ యామ్ సో..."

"సారీ నాకొద్దు." ఈసారి ఆమె ఇంగ్లీషులోకి మారింది, ఒక్కో మాటా విడివిడిగా పెట్టి. "నా కూతురికి చెప్పు. వాళ్ల నాన్న తప్పు చేయలేదని చెప్పు."

హార్వుడ్ సిరి వైపు తిరిగాడు. గొణిగాడు. "మీ నాన్న తూటాల్లో ఏ తప్పూ లేదు."

"వినపడలే," అంది శివపార్వతి. "గట్టిగా."

"మీ నాన్న తూటాల్లో ఏ తప్పూ లేదు. తప్పు నాది."

సిరి ఏడుస్తోంది. మార్గరెట్ దగ్గరకు తీసుకోబోతే తోసేసి, తల్లి పక్కకు వచ్చి నిలబడింది. పోలీసు అధికారిణి హార్వుడ్ మోచెయ్యి పట్టుకుంది. శివపార్వతి వాళ్లకు దారి ఇవ్వలేదు.

"మళ్లీ చెప్పు," అంది.

ఆమెను పక్కకు జరగమని చెప్పడానికి నీలిమ ఒక అడుగు ముందుకేసింది. మొగిలయ్య నీలిమ చెయ్యి పట్టుకుని ఆపాడు.